ముత్తాత కోసం వెతుకుతూ తాతమ్మల ఊళ్లకి

అందరికీ నమస్కారం.

2015 గోదావరి పుష్కరాల్లో రేవులో కూర్చుని పిండప్రదానం చేస్తున్నాను. అంతకు ముందు ఏడాదే నాన్నగారు పోయారు. పురోహితులు గారు వరసగా పేర్లు అడుగుతున్నారు. నాన్న, తాత, ముత్తాత... చెప్పాను. ఆడవాళ్ల వరసలో నాన్నమ్మ పేరు చెప్పాను. నాన్నమ్మ అత్తగారి దగ్గరికి వచ్చేసరికి నోరు పెగల్లేదు. ఇంట్లో అందరూ ఆవిణ్ణి ‘మామ్మ’ అనేవాళ్లు. ఆవిడకి వేరే పేరుంటుందని నాకెప్పుడూ తట్టలేదు. ఆ రోజు ఆవిడ పేరు లేకుండానే పిండం పెట్టాను. గట్టెక్కాక ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి మేనత్తకి ఫోన్ చేశాను. పేరు వెంటనే చెప్పింది. ‘ఎక్కడ పుట్టింది, పెళ్లి ఎక్కడ జరిగింది అత్తా?’ అంటే ‘ఏమోరా, ఎవరడిగారు’ అంది.

ముందు మామ్మ భర్త, అంటే మా ముత్తాత, సంగతి తేల్చుకుందాం అనుకున్నాను. పొలం ఉన్న మగవాడు, కాగితాల్లో ఎక్కడో దొరుకుతాడని ధీమా. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఊరు కదల్లేదు గానీ జిల్లా కదిలింది. అప్పట్లో గోదావరి జిల్లా, 1925 నుంచి తూర్పు గోదావరి, 2022 నుంచి కోనసీమ. పాత రికార్డు అడిగేటప్పుడు ఆనాటి జిల్లా పేరు, తాలూకా పేరు చెప్పాలి. మండలాలు వచ్చింది 1985లో. మునసబు, కరణం అనే గ్రామాధికారుల ఉద్యోగాలు 1984లో తీసేశారు. అంతకు ముందు పల్లెల్లో జనన మరణాలు రాసింది మునసబులే. ఆ పుస్తకాలు కొన్ని చోట్ల భద్రంగా ఉన్నాయి, కొన్ని చోట్ల చెదలు తిన్నాయి.

మా ఊరి పుస్తకాల్లో 1908 నుంచి 1916 దాకా ఒక్కో పేజీ చూశాను. ముత్తాత లేడు. రెండేళ్లు అక్కడే ఆగిపోయాను. చివరికి మేనత్తే అంది, ‘ఒరే, ఆయన తొలిచూలు కదా. తొలి కాన్పుకి ఆడపిల్ల పుట్టింటికి వెళ్తుంది గానీ అత్తారింట్లో ఉంటుందా?’ అని.

అంత చిన్న సంగతి నాకు తట్టనే లేదు. ఈ రోజు మీకు చెప్పాలని వచ్చింది కూడా ఇదే. ఆ రోజుల్లో మన ఇళ్లలో మొదటి బిడ్డ సాధారణంగా తల్లి పుట్టింట్లో పుట్టేవాడు. చాలా కులాల్లో పెళ్లి ఆడపిల్ల ఇంట జరిగేది. అంటే ముత్తాత పుట్టిన ఊరు ఆయన తల్లి ఊరు, పెళ్లి జరిగి ఉండాల్సింది ఆయన భార్య ఊళ్లో. మనం మాత్రం ఇంటిపేరు పట్టుకుని మగవాళ్ల ఊళ్లోనే తవ్వుతూ కూర్చుంటాం.

మరి ముత్తాత తల్లిది ఏ ఊరు? అది ట్రంకు పెట్టె అడుగున దొరికింది. 1909 నాటి దస్తావేజు. స్టాంపు మీద ఎడ్వర్డు రాజు తల, ఇటుక రంగుకి తిరిగిన సిరా, మడతల దగ్గర చిరుగులు. పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఆవిడకి రెండెకరాలు రాసిచ్చారు. అందులో ఆవిడ పేరు, తండ్రి పేరు, తండ్రి కాపురం ఉన్న ఊరు, అన్నీ ఉన్నాయి. ఆడవాళ్ల పుట్టిన ఊరు చెప్పే కాగితాల్లో నాకు తెలిసినంతలో దీన్ని మించింది లేదు. మీ ఇళ్లలో పసుపు కుంకుమల భూమి అనే మాట వినబడితే వదలకండి. దస్తావేజు పోయినా రిజిస్ట్రారు ఆఫీసులో నకలు దొరకవచ్చు. తెలంగాణ వైపు వాళ్లు భూమి సంగతికి 1954-55 ఖాస్రా పహాణీతో, అంటే ఆనాటి భూమి రికార్డుతో, మొదలుపెట్టండి.

ఆ ఊరి పుస్తకంలో, 1912లో, ముత్తాత దొరికాడు. పేరు గడి ఖాళీగా ఉంది. ‘మగ’ అని రాసి, పక్కన తండ్రి పేరు. బారసాల కాకముందే రాయించారు కాబోలు. ఆ రెండక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

ఇక పెళ్లి. ‘పడవ మీద గౌతమి దాటి వెళ్లి కల్యాణపురంలో చేశారట, మామ్మకి అప్పుడు పదకొండేళ్లట’ అని మేనత్త విన్న మాట. ఏరు దాటాక ఆ పేరుతో ఏ ఊరూ మ్యాపులో కనబడలేదు. తర్వాత తెలిసింది, అది యానాం. ఆడపిల్లకి 14 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయకూడదని శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. యానాం అప్పట్లో ఫ్రెంచివాళ్లది, అక్కడ ఆ చట్టం లేదు. చుట్టుపక్కల వాళ్లు పిల్లల్ని పడవలెక్కించి తీసుకెళ్లి పెళ్లిళ్లు చేసుకొచ్చేవాళ్లు. అందుకే దానికి కల్యాణపురం అని పేరొచ్చింది. అటు పెళ్లికూతురి ఊరూ కాదు, ఇటు పెళ్లికొడుకు ఊరూ కాదు. పదకొండేళ్ల పిల్ల ఆ పడవలో ఎలా కూర్చుందో అని ఇప్పటికీ తలుచుకుంటాను. చట్టం వచ్చాకే పరాయి గడ్డకి వెళ్లాల్సి వచ్చింది కాబట్టి ఆ పెళ్లి 1930లోనో, ఆ తర్వాతో అయ్యుండాలి.

చావు తేదీ మన పెద్దలు తిథితోనే గుర్తుంచుకుంటారు. ముత్తాత తద్దినం మాఘ శుద్ధ పంచమి. సంవత్సరం ఎవరికీ గుర్తులేదు. ‘పెద్ద వరదొచ్చిన ఏడు, సంక్రాంతి వెళ్లాక’ అన్నారు. గోదావరికి ఆ పెద్ద వరద 1953 ఆగస్టులో వచ్చింది. అది విజయ నామ సంవత్సరం. దాని మాఘ శుద్ధ పంచమి 1954 ఫిబ్రవరి రెండో వారంలో పడింది. ఆ నెల పేజీలు తీయమన్నాను, ఉన్నాడు. నలభై రెండేళ్ల మనిషి. జ్వరం అని రాశారు.

మామ్మ 1979లో కూతురి దగ్గర, పట్నంలో పోయింది. జనన మరణాల నమోదు చట్టం వచ్చాక కదా, అర్ధగంటలో దొరికింది.

ఆవిడ పుట్టుక మాత్రం ఇంకా దొరకలేదు. పుట్టింటి ఊరు తెలిసింది, వెళ్లాను కూడా. ఇల్లు లేదు, కొబ్బరితోట ఉంది, తోటలో ఆ ఇంటివాళ్ల నుయ్యి ఉంది. ఆ ఊరి పాత పుస్తకాలు వేరే చోట ఉన్నాయన్నారు, వచ్చే నెల వెళ్తున్నాను. 2027లో మళ్లీ పుష్కరాలు. ఈసారి రేవులో పురోహితులు గారు అడిగితే ఆవిడ పేరు చెబుతాను. అడక్కపోయినా ఊరు కూడా చెబుతాను.