నైన్స్ వేయాలా, టెన్స్ వేయాలా? ఎలక్ట్రిక్ గిటార్‌కు సరైన తీగలు

నమస్తే అన్నలూ, తమ్ముళ్లూ, అక్కచెల్లెళ్లూ. అనంతపురం నుంచి మళ్లీ నేనే. మాటల్లోకి పోకముందే ఇది వినండి.

(వాయిస్తూ) రెండో తీగ, ఎనిమిదో ఫ్రెట్, అంటే మెడ మీది ఎనిమిదో మెట్టు. తీగను పక్కకు లాగి జీ (G) నుంచి ఏ (A) దాకా బెండ్ చేస్తున్నా. నా ఉంగరం వేలు చూడండి, ఎట్ల వణుకుతోందో! స్వరం అందినట్టే అంది జారిపోయింది. ఇప్పుడు పక్క గిటార్. అదే ఫ్రెట్, అదే వేలు. (వాయిస్తూ) పోయి కూర్చుంది కదా? మొదటి గిటార్‌లో ఆ తీగ మందం 13, దీంట్లో 11. అంటే ఇంచులో వెయ్యింట రెండు వంతుల తేడా, అంతే.

ప్యాకెట్ మీద 9-42, 10-46 అని ఉంటుంది. ముందున్న అంకె సన్న తీగది, వెనకది ఆరో తీగది. పది అంటే పావు మిల్లీమీటరు అనుకోండి. మనం నోటితో 'నైన్స్', 'టెన్స్' అనేస్తాం. ఇందాక విన్న మొదటి గిటార్‌లో టెన్స్, రెండో దాంట్లో నైన్స్.

ఒక్క అంకెకే ఇంత తేడా ఎందుకప్పా అంటే, బిగువు మందంతో సమానంగా పెరగదు, మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. స్ట్రాట్, అంటే ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్, స్కేల్ (తీగ మోగే పొడవు) 25.5 ఇంచులు. దాని మీద మొదటి తీగను ఈ (E) స్వరానికి బిగిస్తే టెన్ సుమారు 7.3 కిలోలు లాగుతుంది, నైన్ 6 కిలోలు. దాదాపు ఐదో వంతు తగ్గిపోయింది. లెస్ పాల్ లాంటి గిటార్ అయితే స్కేల్ 24.75 ఇంచులే, అవే టెన్స్ దాని మీద కాస్త మెత్తగా తగుల్తాయి.

నా మాట అడిగితే, మన పాటలు వాయించేవాళ్లకు స్ట్రాట్ మీద నైన్స్. సినిమా పాటలో గాయకుడు తీసే గమకం గిటార్‌లో పలకాలంటే తీగ పక్కకు సాగాల్సిందే. ఒక లోపముంది, దాచను: వేలు గట్టిగా అదిమే అలవాటుంటే నైన్స్ మీద కార్డ్ శ్రుతి పైకి పోతుంది. రిథమ్ బాదేవాళ్లు టెన్స్ పెట్టుకోండి. ఆర్కెస్ట్రాలో గాయకుడి కోసం గిటార్ మొత్తం హాఫ్ స్టెప్ (ఒక ఫ్రెట్ అంత) దించి ఉంచుతారా? అప్పుడూ టెన్సే. శ్రుతి దించితే బిగువు పదో వంతుకు పైనే తగ్గుతుంది, నైన్స్ వదులైపోతాయి. ఫుల్ స్టెప్ (రెండు ఫ్రెట్లంత) దించితే లెవెన్స్.

'లావు తీగైతేనే లావు సౌండ్' అనేవాళ్లతో నాకు బేజారు. అమెరికా బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ మొదటి తీగే 13 వేసేవాడు, నిజమే, కానీ గిటార్ హాఫ్ స్టెప్ దించి వాయించేవాడు. బ్లాక్ సబ్బాత్ రాక్ బ్యాండ్ గిటారిస్ట్ టోనీ ఐయోమీ ఫ్యాక్టరీ ప్రమాదంలో వేళ్ల కొసలు పోయాక సన్న తీగలకు మారాడు. ఆయన సౌండ్ తక్కువ బరువుదా?

ఇంకో సంగతి. నేను నేర్చుకునే రోజుల్లో ఒక అంగట్లో 'ఏదైనా ఒకటే' అని అకౌస్టిక్ సెట్ ఇచ్చారు. 12-53. ఇంటికొచ్చి బిగించా. బ్రిడ్జ్, అంటే తీగలు ఆనే లోహపు భాగం, వెనక వైపు కప్ప నోరు తెరిచినట్టు పైకి లేచింది. ఆంప్ (యాంప్లిఫైయర్) పెడితే కింది రెండు సన్న తీగలు గట్టిగా, మిగతా నాలుగూ బావిలోంచి పలికినట్టు. ఆ నాలుగు తీగల మీద చుట్టింది కంచు, తీగ కదలికను పట్టే పికప్‌లోని అయస్కాంతానికి అది సరిగా అందదు. ప్యాకెట్ మీద 'ఎలక్ట్రిక్', 'నికెల్' అని ఉందో లేదో మీరే చదువుకోండి.

సైజు మార్చాక గిటార్‌ను అట్లే వదిలేయొద్దు. నేను దీనికి టెన్స్ తీసి నైన్స్ వేస్తున్నా కాబట్టి వెనక నుంచి బ్రిడ్జ్‌ను తీగలకు ఎదురు లాగే స్ప్రింగులది పైచేయి అవుతుంది, బ్రిడ్జ్ కిందికి దిగి తీగలు ఫ్రెట్లకు తగిలి బర్ర్‌మంటాయి. వెనక మూత తీసి స్ప్రింగులను పట్టే ఈ రెండు స్క్రూలు అర చుట్టు వదులు చేయండి, మళ్లీ శ్రుతి పెట్టండి, చూడండి. తొందరేం లేదు, నాలుగైదు సార్లు పడుతుంది. తీగలన్నీ ఒకేసారి పీకొద్దు, ఒకటి తీసి ఒకటి వేయండి. ఆఖర్న పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగను నొక్కకుండా వేలు తాకించి హార్మోనిక్ కొట్టి, అక్కడే నొక్కి కొట్టండి. నొక్కిన స్వరం పైకి పోతే బ్రిడ్జ్ మీద ఆ తీగ ఆనే చిన్న ముక్కను, అదే శాడిల్‌ను, వెనక్కి జరపాలి, దిగితే ముందుకు.

సరే, ఆరో తీగతో మొదలు పెడతా. తోక కత్తిరించేటప్పుడు రెండో చేత్తో ఇట్ల పట్టుకోండి, తెగిన ముక్క నేరుగా కంటికే ఎగురుతుంది.