డివిడెండ్ అంటే వడ్డీ కాదు
(నల్లగొండలో రిటైరైన, రిటైర్ కాబోతున్న ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగం)

సార్లకు, మేడమ్‌లకు నమస్తే. నేను ముప్పై రెండేళ్లు బ్యాంకు కౌంటర్ వెనుక కూర్చున్నవాణ్ని. రిటైర్మెంట్ డబ్బు ఖాతాలో పడ్డ రోజు మీలాంటి వాళ్ల ముఖాలు ఎన్నో చూశాను. సంతోషం ఆ ఒక్క పూటే, తెల్లారి నుంచి టెన్షన్. పొద్దున చీటీల మీద ప్రశ్నలు రాసిమ్మంటే ఇరవై ఆరు వచ్చాయి. అన్నిటికీ టైము సరిపోదు. ఎక్కువమంది అడిగిన వాటి దగ్గరే ఆగుతాను.

మొదటి చీటీ: ‘ఒక కంపెనీ 500 శాతం డివిడెండ్ ప్రకటించిందని పేపర్లో చదివాను. లక్ష పెడితే ఐదు లక్షలు వస్తాయా?’

అడిగినందుకు దండం సార్. చాలామందికి ఈ అనుమానం ఉంటుంది, నోరు తెరిచి అడగరు. ఐదు లక్షలు రావు. డివిడెండ్ అంటే కంపెనీ తన లాభంలోంచి షేర్లున్నవాళ్లకు పంచే డబ్బు. ఆ శాతాన్ని షేరు మార్కెట్ ధర మీద కాదు, ముఖ విలువ మీద, అంటే కంపెనీ షేరుకు రాసిపెట్టిన అసలు విలువ మీద లెక్క కడతారు. బోర్డు మీద వేస్తాను, చూడండి. ముఖ విలువ 2 రూపాయలు అనుకుందాం. దాని మీద 500 శాతం అంటే 10 రూపాయలు. అదే షేరు మార్కెట్లో 1,000 రూపాయలు ఉంటే మీ లక్షకు 100 షేర్లు వస్తాయి. చేతికొచ్చే డివిడెండ్ 1,000 రూపాయలు. లక్షకు వెయ్యి, అంటే ఒక్క శాతం.

మన దగ్గర వడ్డీని నెల లెక్కన చెప్పుకుంటాం. ‘నూటికి రెండు’ అంటే ఏడాదికి 24 శాతం. చిన్నప్పటి నుంచి ఆ లెక్క చెవిలో పడీ పడీ డివిడెండ్‌ను కూడా వడ్డీ లాగే చూస్తాం. వడ్డీ అనేది ముందే ఒప్పుకున్న మాట. డివిడెండ్‌కు అలాంటి మాటేమీ ఉండదు. ఒక ఏడు ఇస్తారు, ఒక ఏడు తగ్గిస్తారు, ఒక ఏడు అసలే ఇవ్వరు. ప్రకటించకముందు నిలబడి అడిగే హక్కు మనకు లేదు.

రెండో చీటీ: ‘డివిడెండ్‌కు ముందు కొని, అది రాగానే అమ్మేస్తే లాభమే కదా?’

గుర్రంపోడు దిక్కు బత్తాయి తోటలున్న సార్లు ఈ గదిలో ఉన్నారు. కాయ మీదున్న తోటకు ఒక ధర, కాయ తెంపిన తోటకు ఒక ధర. కాపుతో కొని, కాయ తెంపుకొని, తోటను అదే ధరకు అమ్ముతానంటే ఎవరైనా కొంటారా? షేరుకూ అంతే. డివిడెండ్ ఎవరికివ్వాలో కంపెనీ పేర్లు చూసుకునే రోజును రికార్డు తేదీ అంటారు. ఆ తేదీ కన్నా కనీసం ఒక మార్కెట్ రోజు ముందు కొంటేనే డివిడెండ్ మీది. కానీ ఆ తేదీ పొద్దున షేరు ధర దాదాపు ఆ పది రూపాయలు తగ్గించుకునే మొదలవుతుంది. వచ్చిన డివిడెండ్ 2020 ఏప్రిల్ నుంచి మీ ఆదాయంలో కలుస్తుంది, శ్లాబును బట్టి పన్ను కట్టాలి. కంపెనీ లాభాల్లో ఉందా, అప్పులెన్ని ఉన్నాయి అని చూసి కొనాలి గాని డివిడెండ్ తేదీ చూసి కొనొద్దు.

ఇక ఎక్కువ చీటీల్లో ఉన్నది రిటైర్మెంట్ డబ్బు గురించి. మొత్తం షేర్లలో పెట్టొచ్చా అని కొందరు, నూటికి రెండుకు తిప్పొచ్చా అని కొందరు.

వడ్డీ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అది నా మీదికే వచ్చింది. తెలిసినాయన కదా అని మూడు లక్షలిచ్చాను. ఏడాది పాటు ఒకటో తారీఖుకు ఠంచనుగా ఆరు వేలు తెచ్చిచ్చాడు. ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. మొహమాటంతో నేనూ గట్టిగా అడగలేదు. ప్రాంసరీ నోటుకు మూడేళ్లలో కాలదోషం పడుతుందని ఊరందరికీ చెప్పినవాణ్ని, నా నోటు తేదీ దాటిపోయిన సంగతి బీరువా సర్దుతుంటే తెలిసింది. బ్యాంకులో తక్కువకు అప్పు పుట్టే మనిషి మన దగ్గరికి వచ్చి 24 శాతం ఎందుకు కడతాడు? ఆ ప్రశ్న అప్పుడే వేసుకోవాల్సింది.

మొత్తం షేర్లలో పెట్టడం కూడా వద్దు. పెద్ద కంపెనీల షేర్ల ధరల కదలికను చూపే సూచీ సెన్సెక్స్ 2008 జనవరిలో 21 వేలు దాటింది. 2009 మార్చికి 8 వేల దగ్గరికి పడింది. మళ్లీ 21 వేలు చూడటానికి 2010 నవంబర్ దాకా పట్టింది. ఆ మధ్యలో ఇంట్లో ఆపరేషన్ పడితే సగం ధరకు అమ్ముకోవాలి. అందుకే ఐదేళ్ల లోపు అవసరపడే డబ్బును షేర్లకు తీసుకెళ్లొద్దని నేను గట్టిగా చెప్తాను. ముందు పోస్టాఫీసులో గాని బ్యాంకులో గాని సీనియర్ సిటిజన్ పొదుపు పథకం చూడండి. 2023 ఏప్రిల్‌లో దాని పరిమితి 30 లక్షలకు పెంచి, వడ్డీ 8.2 శాతం చేశారు. ఆ లెక్కన 30 లక్షలకు మూడు నెలలకోసారి 61,500 రూపాయలు వస్తాయి. మీరు వేసేనాటి రేటు కౌంటర్లో అడగండి, వేసినరోజు ఉన్న రేటే ఐదేళ్లూ ఉంటుంది. ఇది పోను మిగిలితే, అదీ మనసు గట్టిదైతే, సెన్సెక్స్ లాంటి సూచీలోని కంపెనీలన్నిటిలో కొంచెం కొంచెం పెట్టే ఇండెక్స్ ఫండులో కొంత నెలనెలా వేసుకోవచ్చు.

వెనుక వరుసలో కూర్చున్న చిన్న సార్లకు ఇంకో మాట. 2004 సెప్టెంబర్ 1 నుంచి ఉద్యోగంలో చేరినవాళ్లు సీపీఎస్‌లో, అంటే జీతంలోంచి కోసి జమచేసే పెన్షన్ పథకంలో ఉన్నారు. మీ జీతంలోంచి పోయే 10 శాతంలో కొంత భాగం ఇప్పటికే షేర్లలో ఉంది. మార్కెట్‌తో మాకేం పని అనుకునే వీలు మీకు లేదు. ఏడాదికోసారైనా ప్రాన్ ఖాతా, అంటే మీ పెన్షన్ ఖాతా తెరిచి ప్రతి నెలా డబ్బు జమైందో లేదో చూసుకోండి.

ఫోను గ్రూపుల్లో వచ్చే ఆప్షన్ల టిప్స్ గురించి మూడు చీటీలున్నాయి. ఆప్షన్స్, ఫ్యూచర్స్ అంటే షేరు ధర పెరుగుతుందా తగ్గుతుందా అని ముందే వేసే పందెం లాంటివి. షేరు మార్కెట్‌ను అదుపు చేసే సెబీ సంస్థ లెక్క ప్రకారం 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన నూరు మంది మామూలు జనంలో 93 మంది పోగొట్టుకున్నారు. ఆ గ్రూపుల్లోంచి ఈ రాత్రే బయటికి రండి.

చివరి చీటీ ఒక మేడమ్‌ది. ‘మా వారు పోయారు. ట్రంకు పెట్టెలో పాత షేరు కాయితాలు, బ్యాంకులో వేయని డివిడెండ్ వారెంట్లు దొరికాయి. పనికొస్తాయా?’

పారేయకండి మేడమ్. డివిడెండ్ కోసం కంపెనీ పంపే చెక్కు లాంటి కాయితమే వారెంట్, దాని గడువు అయిపోయినా డబ్బు పోదు. ఏడేళ్లు ఎవరూ తీసుకోని డివిడెండ్, వరుసగా ఏడేళ్లు డివిడెండ్ తీసుకోని షేర్లు ప్రభుత్వం దగ్గరున్న ఐఈపీఎఫ్ అనే నిధికి వెళ్తాయి. అక్కడి నుంచి వారసులు అడిగి తెచ్చుకోవచ్చు. పని మెల్లగా నడుస్తుంది, కాయితాలు చాలా అడుగుతారు. షేరు కాయితం మీద ఫోలియో నంబరు, అంటే కంపెనీ పుస్తకాల్లో మీ వారి ఖాతా నంబరు ఉంటుంది, ముందు దాన్ని వేరే పుస్తకంలో రాసిపెట్టుకోండి. మరణ ధ్రువీకరణ పత్రం, మీ ఆధార్, పాన్‌తో ఆ పెట్టెలో ఉన్నవన్నీ రేపు పట్టుకురండి. పది గంటల నుంచి నేను ఇక్కడే ఉంటాను, మొదటి దరఖాస్తు కలిసి నింపుదాం.