రేతిఫైల్ కబుర్లు: ఇంతకీ ఈ రూటు ఏ డిపోది?

వసుంధర: శ్రోతలందరికీ నమస్కారం. సికింద్రాబాదు బస్టాండు పేరు పెట్టుకున్న మన రేతిఫైల్ కబుర్లకు స్వాగతం. ఈ వారం విషయాన్ని ముందే ప్రకటించాం. హైదరాబాదుకు కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద 2,000 విద్యుత్ బస్సులు కేటాయించింది కాబట్టి, అవి వచ్చాక ఏ రూటు ఏ డిపో చేతికి వెళ్తుందో మాట్లాడుకుందాం. ఆర్టీసీలో పనిచేసిన శ్రీధర్ గారు ఈసారి కూడా తన లెక్కల ఆకుపచ్చ అట్ట పుస్తకం తెచ్చుకున్నారు. రికార్డింగు దగ్గర కిరణ్ ఉన్నారు.

శ్రీధర్: తెచ్చుకున్నాను, కానీ తెరవను. కిందటిసారి తెరిచినందుకు కుషాయిగూడ శ్రోత రాసిన ఉత్తరం ఇంకా నా జేబులోనే ఉంది.

వసుంధర: ఆ కుషాయిగూడ శ్రోతే ఈ వారం మళ్లీ రాశారు. తాను కాలేజీకి వెళ్లిన రోజుల్లో తన రూటుకు ఊరి మధ్య డిపో బస్సులు తిరిగేవనీ, ఇప్పుడు అదే నంబరుకు శివారు డిపో బస్సులు తిరుగుతున్నాయనీ, నంబరు మారకుండా డిపో ఎందుకు మారుతుందో చెప్పమనీ అడుగుతున్నారు. విద్యుత్ బస్సులకు వెళ్లేముందు దీనికి రెండు మాటల్లో జవాబు చెప్పండి.

శ్రీధర్: రెండు మాటలే కావాలంటే, డెడ్ కిలోమీటర్లు.

కిరణ్: సర్, ఇంకా రెండు నిమిషాలు కూడా కాలేదు. (నవ్వులు)

శ్రీధర్: నవ్వండి. తెల్లవారుజామున డిపో గేటు దాటిన బస్సు మొదటి స్టాపు చేరే వరకూ, రాత్రి చివరి స్టాపు వదిలిన బస్సు మళ్లీ గేటు చేరే వరకూ టికెట్టు లేకుండా తిరిగే దూరమే డెడ్ కిలోమీటర్లు. ఒక రూటు మొదటి స్టాపు డిపోకు 12 కిలోమీటర్ల దూరంలో ఉందనీ, ఆ రూటు మీద 20 బస్సులు తిరుగుతున్నాయనీ లెక్క కోసం అనుకుందాం. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి కలిపి రోజుకు 480 కిలోమీటర్లు, ఏడాదికి 1,75,200 కిలోమీటర్లు ఖాళీగా తిరగాలి. లీటరుకు 5 కిలోమీటర్లు వస్తుందనుకున్నా 35,000 లీటర్ల డీజిలు ఒక్క ప్రయాణికుడిని కూడా ఎక్కించుకోకుండా ఆవిరైపోతుంది. అందువల్ల ఊరు పెరిగి రూటు కొస బయటికి జరిగినప్పుడల్లా, ఆ కొసకు దగ్గరగా ఉన్న డిపో ఆ రూటును తన వైపు లాక్కుంటుంది.

వసుంధర: ఊరు పెరగకముందు ఈ తగాదా ఉండేది కాదంటారా?

శ్రీధర్: 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టింది. ఆ కొద్ది బస్సులకు ఏ రూటు ఏ డిపోదన్న తగాదా ఎక్కడ వస్తుంది? 1951 నవంబరులో ఆ శాఖ రైల్వే చేతి నుంచి హైదరాబాద్ ప్రభుత్వ చేతికి వచ్చింది, 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ ఏర్పడింది. నగరం ఇటు సికింద్రాబాదు, అటు చార్మినారు మధ్యే మసులుతున్నంత కాలం రాణిగంజ్, ముషీరాబాద్, కాచిగూడ లాంటి డిపోలకు అన్నీ దగ్గరే. ఆ తరువాత రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, కుషాయిగూడ పక్కన ఈసీఐఎల్, జీడిమెట్లలో పారిశ్రామికవాడ వచ్చాయి. మొదటి షిఫ్టుకు కార్మికుడు గేటు దగ్గర ఉండాలంటే, అంతకంటే ముందే బస్సు అతని వాకిట్లో ఉండాలి. ఆ బస్సు రాణిగంజ్ నుంచి ఖాళీగా పరుగెత్తుకు రావడం కంటే అక్కడే నిద్ర లేవడం నయం. ఈ మూడు చోట్లా డిపోలు ఉండటానికి ఇదే కారణమని నా అభిప్రాయం.

వసుంధర: విశాఖలో ఉక్కు కర్మాగారం వైపు స్టీల్ సిటీ డిపో ఉండటం కూడా ఇలాంటిదే కదా. అయితే మీరు కర్మాగారం గేటు వైపు నుంచే చూస్తున్నారు. ఇటు కొసన నిలబడిన మనిషి సంగతేమిటి? ఉదాహరణకు 10హెచ్ తీసుకోండి. సికింద్రాబాదు నుంచి కొండాపూర్ వెళ్లే ఆ రూటుకు ఒక కొస రాణిగంజ్ డిపోకు దగ్గర, ఇంకో కొస పడమట ఉన్న హెచ్‌సీయూ డిపోకు దగ్గర. బస్సులన్నీ పడమటి డిపోవే అయితే, తెల్లవారుజామున మొదటి బస్సు కొండాపూర్ నుంచి బయలుదేరి సికింద్రాబాదు వచ్చి, ఆ తరువాతే ఇక్కడి వాళ్లను ఎక్కించుకుంటుంది. రైలు దిగిన మనిషి అంతసేపూ స్టేషను బయట నిలబడాలి. రాత్రి చివరి బస్సు కూడా తన ఇంటి వైపే పోతుంది. డిపో మారిందని ప్రయాణికుడికి ఎవరూ చెప్పరు, అతని పొద్దు, రాత్రి మాత్రం మారిపోతాయి.

శ్రీధర్: అందుకే ఒక రూటును రెండు కొసల నుంచి రెండు డిపోలు నడపడం అనే పద్ధతి ఉంది.

వసుంధర: ఉంది, అందుకే ఇరవై నిమిషాలు ఒక్క బస్సూ రాకుండా, ఆ తరువాత ఒకే నంబరు బస్సులు రెండు ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి వస్తాయి.

శ్రీధర్: (కొంచెం గట్టిగా) అది పద్ధతి తప్పు కాదమ్మా, రెండు డిపోల కంట్రోలర్లు మాట్లాడుకోకపోవడం తప్పు. ఈ డిపో తయారు చేసిన బస్సు వేళల చార్టులో 7:10 ఉంటుంది, ఆ డిపో చార్టులో 7:12 ఉంటుంది. ఇద్దరి చార్టులూ ఎవరి కాగితం మీద వాళ్లకు సక్రమంగానే కనిపిస్తాయి. ముందు వెళ్లిన బస్సుకు కలెక్షన్ దొరుకుతుంది, వెనక బస్సు ఖాళీగా పోతుంది, సాయంత్రం ఆ వెనక బస్సు డిపో మేనేజరు కిలోమీటరు రాబడి పడిపోయిందని జవాబు చెప్పుకోవాలి. మరుసటి వారం ఆయన తన చార్టును నాలుగు నిమిషాలు ముందుకు జరుపుతాడు. ఆ తరువాత అవతలి ఆయన ఇంకో మూడు నిమిషాలు జరుపుతాడు.

వసుంధర: ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అనలేదు.

శ్రీధర్: గొర్రె చావకూడదనే కదా రూటును ఒక్క డిపోకు అప్పగించమంటున్నాను! ఒకే డిపో అయితే ఒకే చార్టు, ఒకే బాధ్యత. బస్సు చెడిపోతే స్పేరు బస్సు ఎవరు పంపాలన్న వాదన ఉండదు.

వసుంధర: స్పేరు బస్సు కథ ఇవాళ వద్దు.

శ్రీధర్: చెప్పను. ఆ డిపో పేరు కూడా చెప్పను.

కిరణ్: సర్ ఆ డిపో పేరు ఈ కార్యక్రమంలో ఎప్పుడూ చెప్పలేదని రికార్డుల్లో రాసిపెడుతున్నాను.

వసుంధర: ఒక డిపోకే ఇవ్వాలంటే నేనూ ఒప్పుకుంటాను, అయితే ఆ డిపో కొసన కాకుండా మధ్యలో ఉండాలి. రాణిగంజ్‌ను చూడండి. సికింద్రాబాదు నుంచి ట్యాంక్‌బండ్ మీదుగా కోఠీ, అఫ్జల్‌గంజ్ వెళ్లే బస్సులకు ఆ డిపో దారిలోనే ఉంది. ముషీరాబాద్ కూడా అంతే, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ మీదుగా వెళ్లే బస్సులకు పక్కనే ఉంటుంది. డ్యూటీ మార్చుకోవలసిన డ్రైవరు, కండక్టరు డిపో ముందే దిగిపోవచ్చు, బస్సు ఆగి ఎదురుచూడవలసిన పని ఉండదు. రాత్రి డిపోకు వెళ్లే బస్సు కూడా బోర్డు మీద డిపో పేరు పెట్టుకుని దారిలో మనుషుల్ని ఎక్కించుకుంటుంది. మీరు డెడ్ అని పిలిచే కిలోమీటర్లలో సగం అక్కడ టికెట్టు కొట్టే కిలోమీటర్లే.

శ్రీధర్: రెండు స్టాపులకు ఎవరెక్కుతారు?

వసుంధర: నేను ఎక్కేదాన్ని. మా నాన్నగారు ఎక్కేవారు. ఊరి మధ్య డిపోలను స్థలం విలువ చూసి ఖాళీ చేసి, రూట్లన్నీ శివార్లకు పంపితే, మీ పుస్తకంలో అంకె తగ్గవచ్చు, ఊరి మధ్య రాత్రి పది దాటాక బస్సు మాత్రం కనిపించదు.

శ్రీధర్: మెట్రో రైలును చూడండి. 2017 నవంబరులో మొదలైనప్పుడు వాళ్లు తమ డిపోలను ఎక్కడ పెట్టుకున్నారు? మియాపూర్‌లో, ఉప్పల్‌లో. ఊరి మధ్య పెట్టుకోలేదు.

వసుంధర: రైలు డిపో పట్టాల కొసనే ఉంటుంది, మొదటి రైలు డిపో దాటిన వెంటనే ప్రయాణికుల్ని ఎక్కించుకుంటుంది. బస్సుకు ఆ భాగ్యం ప్రతి రూటులోనూ ఉండదు. పైగా మెట్రో దారి వెంబడి తిరిగే బస్సుల్ని తగ్గించి, ఆ డిపోకు మిగిలిన బస్సుల్ని ఇంకో రూటుకు పంపితే, ఆ ఇంకో రూటు పాత డిపో చేతి నుంచి జారిపోతుంది. ఒకటి కదిపితే నాలుగు కదులుతాయి.

శ్రీధర్: అది మాత్రం నిజం. కొత్త డిపో తెరిచినప్పుడు కూడా అంతే. దానికి కొత్త బస్సులన్నీ ఒక్కసారే ఇవ్వరు, చుట్టుపక్కల డిపోల నుంచి రూటుతో పాటు బస్సును, బస్సుతో పాటు మనుషుల్ని కూడా ఇస్తారు. ఇచ్చే డిపో తనకు రాబడి బాగా తెచ్చే రూటును ఎందుకు వదులుకుంటుంది? ముందు నష్టపు రూట్లను మూటగట్టి ఇస్తుంది. కొత్త డిపో మొదటి ఏడాదంతా నష్టాల పట్టికలో అడుగున ఉంటే, అక్కడి మేనేజరు చేతకానివాడని పేరు పడుతుంది. (కొంచెం ఆగి) మనుషుల సంగతి మరీ కష్టం. డ్రైవరు డిపో దగ్గరే ఇల్లు అద్దెకు తీసుకుంటాడు, ఎందుకంటే తెల్లవారుజామున డ్యూటీకి పోవడానికి అతనికి బస్సు ఉండదు. రూటు పదిహేను కిలోమీటర్ల అవతలికి పోతే, అతను రూటు వెంట పోవాలా, పిల్లల బడి వెంట ఉండాలా? ఆ కాగితాల మీద నేనే సంతకాలు పెట్టించాను.

వసుంధర: 2019 తరువాత కూడా అలాంటివి చాలా జరిగాయి.

శ్రీధర్: ఆ ఏడాది అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ సమ్మె నవంబరు ఆఖరు దాకా సాగింది. ఆ తరువాత నగరంలో వందల బస్సులు తగ్గించారు. బస్సులు తగ్గితే రూట్లు కలుస్తాయి, మిగులు సిబ్బందిని వేరే డిపోలకు, వేరే పనులకు పంపుతారు. అంతలో 2020 మార్చిలో సిటీ బస్సులు ఆగిపోయి, సెప్టెంబరు 25న గానీ మళ్లీ రోడ్డెక్కలేదు. ఎక్కినప్పుడు కూడా నాలుగో వంతే ఎక్కాయి. ఆ ఏడాదిలో ఏ రూటు ఏ డిపోదో చెప్పమంటే అప్పటి చార్టులు చూసినా చెప్పడం కష్టం.

వసుంధర: గౌలిగూడ బస్టాండు కూడా అప్పటికే పోయింది.

శ్రీధర్: 2018 జులై 5న కూలింది. విమానాల షెడ్డు అది, ఎన్ని దశాబ్దాలు బస్సుల్ని కప్పుకుని నిలబడింది! 1994లో దూరప్రాంతాల బస్సులు ఇమ్లీబన్ బస్టాండుకు వెళ్లాక సిటీ బస్సులకు మిగిలింది. ఎవరికీ దెబ్బ తగలలేదు, అంతవరకు నయం. దాని గురించి ఇక మాట్లాడను.

వసుంధర: సరే. అయితే 7జెడ్ గురించి మాట్లాడదాం.

కిరణ్: మేడమ్, వచ్చేసింది.

వసుంధర: రావాలి కదా! సికింద్రాబాదు నుంచి జూపార్కుకు వెళ్లే 7జెడ్ డబుల్ డెక్కరు పై అంతస్తులో ముందు సీటు గురించి నేను చెప్పబోవడం లేదు. డిపో గురించే చెబుతున్నాను. అంత ఎత్తు బస్సు అన్ని షెడ్డుల్లోనూ పట్టదు. బాగు చేయాలంటే పై కప్పు ఎత్తుగా ఉండాలి, తీసుకెళ్లే దారిలో తీగలు, కొమ్మలు అడ్డం రాకూడదు. కాబట్టి డబుల్ డెక్కరు తిరిగినంత కాలం ఆ రూటు ఆ షెడ్డు ఉన్న డిపోను వదిలి పోలేదు. 2000ల తొలి ఏళ్లలో ఆ బస్సుల్ని తీసేశాక ఆ కట్టు తెగిపోయింది, రూటును ఎవరికైనా ఇవ్వవచ్చు. బండి రకం రూటును కట్టేస్తుందని నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే.

శ్రీధర్: 2023 ఫిబ్రవరిలో నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ విద్యుత్ డబుల్ డెక్కర్లు తెచ్చింది కదా, మీకు సంతోషమే కదా.

వసుంధర: వాటికి రూటు నంబరు లేదు, ఆర్టీసీ డిపో లేదు. నాకెందుకు సంతోషం?

కిరణ్: సర్, మేడమ్, విద్యుత్ బస్సులు.

వసుంధర: అవును, విద్యుత్ బస్సులు. మీరే మొదలుపెట్టండి.

శ్రీధర్: 2019 మార్చిలో విమానాశ్రయానికి తిరిగే 40 విద్యుత్ బస్సులు వచ్చినప్పుడు వాటిని మియాపూర్, కంటోన్మెంట్ డిపోలకు ఇచ్చారు. ఛార్జింగు పెట్టాలంటే డిపోకు ఎక్కువ శక్తి గల విద్యుత్ లైను రావాలి, ట్రాన్స్‌ఫార్మరు పెట్టాలి, రాత్రంతా బస్సులు నిలబడటానికి స్థలం ఉండాలి. అది ఉన్న డిపోకే రూటు వస్తుంది. అంతే.

వసుంధర: అంటే డబుల్ డెక్కరు షెడ్డు మళ్లీ వచ్చింది, ఈసారి ఎత్తుకు బదులు కరెంటు. నేను చెప్పినదే కదా!

శ్రీధర్: మీరు చెప్పినది బండి రకం. నేను అడిగేది వేరు. ఈ బస్సులు సంస్థ కొన్నవి కావు, కిలోమీటరుకు ఇంత అని ప్రైవేటు కంపెనీకి చెల్లించే ఒప్పందం మీద తిరుగుతాయి. డ్రైవరు వాళ్లవాడు, కండక్టరు మనవాడు. ఛార్జింగు సౌకర్యం ఉన్న డిపో రూటుకు దూరంగా ఉంటే, డిపో నుంచి మొదటి స్టాపుకు ఖాళీగా తిరిగే దూరానికి ఎవరు డబ్బు కడతారు? రూటును డిపో దగ్గరికి జరపాలా, డిపోను రూటు దగ్గరికి జరపాలా? ఛార్జరు పాతాక డిపో కదలదు, ఇది అందరికీ తెలుసు. కాబట్టి ఈసారి కదిలేది రూటే.

వసుంధర: అలా కదిలితే సికింద్రాబాదులో రాత్రి చివరి బస్సు...

శ్రీధర్: ఉంటుంది. చార్టు వేసేవాడికి బుద్ధి ఉంటే ఉంటుంది.

వసుంధర: వేసేవాడు ఇప్పుడు ఎవరు? డిపో మనిషా, కంపెనీ మనిషా?

శ్రీధర్: ఆ మాట రికార్డింగులో కాకుండా బయట అడగండి.

కిరణ్: సర్, స్టూడియో వాళ్లు తలుపు కొడుతున్నారు, తరువాతి వాళ్లు వచ్చేశారు.

వసుంధర: విశాఖ నుంచి వచ్చిన ఉత్తరం చదవనే లేదు. మధురవాడ డిపో గురించి అడిగారు.

శ్రీధర్: అక్కడ డెడ్ కిలోమీటర్లు...

కిరణ్: ఆపేస్తున్నాను సర్.