పని ఎంత దూరం?

సభకు నమస్కారం.

చెన్నై కోరి ఉండదగ్గ ఊరా, సర్దుకుపోవాల్సిన ఊరా అన్న విషయం మీద మాట్లాడమన్నారు. ఉక్కపోత, అద్దె, అడ్వాన్సు, వేసవిలో నీళ్ల లారీ కోసం ఎదురుచూపులు... ఈ చిట్టా మీకు నాకన్నా బాగా తెలుసు. మళ్లీ చదవను.

నీళ్ల గురించి మాత్రం కొంచెం చెప్పాలి. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 టీఎంసీల కృష్ణా నీళ్లు ఈ ఊరికి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. 1983 ఒప్పందంతో తెలుగు గంగ మొదలైంది. ఆ నీళ్లు పూండి జలాశయానికి చేరేసరికి 1996 వచ్చింది. ఆవిరయ్యేది, ఇంకేది పోను ఏటా 12 టీఎంసీలు రావాలి. చాలా ఏళ్లు అంత రాలేదు. 2019లో చెరువులు ఎండిపోతే జోలార్‌పేట నుంచి రైల్లో, ఒక్కో రైలుకు 25 లక్షల లీటర్ల చొప్పున తెప్పించుకున్నాం. సర్దుకుంటున్నది మనమేనని అనుకుంటాం గానీ, మన కోసం సర్దుకుంటున్న ఊళ్లు బయట చాలానే ఉన్నాయి.

మరి ఇన్ని ఇబ్బందులున్నా జనం ఇక్కడే ఎందుకుంటారు? పని దగ్గరగా దొరుకుతుందని. అడయారు, కూవం గట్ల మీద ఇళ్లు వేసుకున్నవాళ్లు నది అందం చూసి రాలేదు. (కూవం పక్కన ఒక్క నిమిషం నిలబడినవాళ్లెవరూ ఆ మాట అనరు.) నాలుగిళ్లలో పాచిపని చేసి, మధ్యాహ్నం వచ్చి పిల్లలకు అన్నం పెట్టి, సాయంత్రం మళ్లీ పనికి పోగలిగినంత దూరం అది.

2015 డిసెంబరు వరదల్లో ఆ గట్లు మునిగాయి. తర్వాత వేల కుటుంబాలను పెరుంబాక్కం ప్రభుత్వ అపార్ట్‌మెంట్లకు తరలించారు. పళ్లికరణై చిత్తడి నేలల పక్కనే ఆ కట్టడాలేమిటన్నది ఇంకో గొడవ. పక్కా గోడలు, కరెంటు, మరుగుదొడ్డి ఉన్నాయి, కాదనను. కానీ ఊరి నడిబొడ్డుకు 20 కిలోమీటర్ల పైమాటే. చాలామంది ఆడవాళ్ల పని పోయింది. ఇల్లు వచ్చింది, ఊరు పోయింది.

షోళింగనల్లూరులో ఐటీ ఉద్యోగం చేసే మన నెల్లూరు కుర్రాడు ఎక్కువ అద్దె ఇచ్చి ఆఫీసున్న ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీదే దిగుతాడు. తెలివైనవాడంటాం. గట్టు మీది ఆవిడ ఆలోచించిందీ అదే. ఆవిడది మాత్రం ఆక్రమణ! ఈ ఊరి పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, కాబట్టి ఇది మనకు సంబంధం లేని విషయమని చెప్పి లేచిపోలేం.

2021 మే నుంచి తమిళనాడులో సాధారణ సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. నిజంగా మంచి పని. అయితే బస్సులో పోయే గంటల్ని ఏ ప్రభుత్వమూ తిరిగివ్వలేదు. అందుకని, ఇళ్లు కట్టేముందు చవక స్థలం ఎక్కడుందని కాక పని ఎక్కడుందని వెతకమని అడగాలి. మెట్రో స్టేషన్లకు నడిచిపోయే దూరంలో ప్రభుత్వ స్థలం ఉంటే ముందు అక్కడ అద్దె ఇళ్లు కట్టాలి. గదులు చిన్నవైనా ఫర్వాలేదు. మాల్ ఇంకో చోట కట్టుకోవచ్చు.