పదే కుర్చీలున్న సుషీ హోటల్‌లో డబ్బు దేనికిస్తున్నాం?

[తెర మీద: బేస్‌మెంట్‌కి దిగే మెట్లు, చిన్న తలుపు]

టోక్యోలో గింజా అని బాగా ఖరీదైన పేట ఉంది. అక్కడ మెట్రో స్టేషన్‌ని ఆనుకుని ఉన్న ఒక బిల్డింగు బేస్‌మెంట్‌లో సుకియాబాషి జిరో అనే సుషీ హోటల్ ఉంటుంది. సుషీ అంటే చిన్న అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టిచ్చే జపాన్ వంటకం. ఉన్నవి పదే కుర్చీలు. మనం ఆర్డర్ ఇచ్చే పనే లేదు. ఇరవై ముక్కల దాకా ఒకదాని తర్వాత ఒకటి పెడతారు, అరగంటలో భోజనం అయిపోతుంది. 2007లో హోటళ్లకి స్టార్లు ఇచ్చే మిషెలిన్ గైడ్ టోక్యోకి మొదటిసారి వచ్చినప్పుడే దీనికి అన్నిటికంటే పై మెట్టైన మూడు స్టార్లు ఇచ్చింది. 2019లో జాబితా నుంచే తీసేసింది. రుచి తగ్గి కాదు, మామూలు జనానికి అక్కడ సీటు దొరకడం లేదని.

ఏం పెట్టాలో షెఫ్‌కే వదిలేసే ఈ పద్ధతిని ఒమకాసే అంటారు. టోక్యోలో ఇలాంటి చిన్న కౌంటర్లు చాలానే ఉన్నాయి. ఇంత గిరాకీ ఉన్నప్పుడు ఇంకో ఇరవై కుర్చీలు వేసుకోవచ్చు కదా?

వేసుకోలేరు. కారణం అన్నం.

[క్లోజప్: షెఫ్ చేతులు, అన్నం ముద్ద]

సుషీ అనగానే మన ధ్యాస చేప మీదికి పోతుంది. షెఫ్ ధ్యాస అన్నం మీద ఉంటుంది. వెనిగర్, ఉప్పు కలిపిన ఆ అన్నం చల్లగానూ ఉండకూడదు, వేడిగానూ ఉండకూడదు. మన ఒంటి వేడి ఎంతో అంతే ఉండాలి. ముద్దని గట్టిగా నొక్కరు. వేళ్ల మధ్య విడిపోకుండా నిలవాలి, నోట్లో పెట్టుకోగానే విడిపోవాలి. గోరువెచ్చని అన్నం మీద చల్లని చేప పెట్టాక ఆ రెండింటి పొత్తు కాసేపే నిలుస్తుంది. అందుకే ఒక్కో ముక్క చేసి మీ ముందు పెట్టి, మీరు తిన్నాక తర్వాతది చేస్తారు. ఒక మనిషి ఇలా ఎంతమందికి చేయగలడు? ఎనిమిది మందికి, మహా అయితే పది మందికి.

ఇప్పుడు చేప సంగతి. మనం మార్కెట్‌లో మొప్పలు ఎత్తి చూసి, ఎర్రగా ఉంటేనే బేరం మొదలుపెడతాం. ఇక్కడ లెక్క వేరు. ట్యూనాని చాలాచోట్ల కొన్ని రోజులు చల్లగా ఉంచి గానీ వడ్డించరు. చేప చచ్చాక దాని కండకి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం విరిగి ఇనోసినిక్ ఆమ్లంగా మారుతుంది, కమ్మదనంలో పెద్ద భాగం దానిదే. కొహదా అని వెండిలా మెరిసే చిన్న చేప ఉంటుంది. దాన్ని ఉప్పులో ఉంచి, కడిగి, వెనిగర్‌లో నానబెడతారు. ఎన్ని నిమిషాలన్నది ఆ చేప సైజుని బట్టి, దానికి పట్టిన కొవ్వుని బట్టి మారుతుంది. చాలామంది షెఫ్ పనితనాన్ని ఖరీదైన ట్యూనాతో కాదు, ఈ చౌక చేపతోనే అంచనా వేస్తారు. నాకూ అదే సబబనిపిస్తుంది.

ఈ ఉప్పు, వెనిగర్, సోయా అన్నీ ఫ్రిజ్‌లు లేని రోజుల్లో, 1820ల నాటి సుషీ బళ్ల మీద చేప పాడవకుండా వాడినవి. ఫ్రిజ్ వచ్చినా రుచి కోసం వదల్లేదు.

"అమ్మో, అంతా పచ్చి చేపేనా?" అంటారా, కాదు. ఆనగో అనే సముద్రపు పాము చేపని మెత్తగా ఉడికిస్తారు. రొయ్యని కొన్ని కౌంటర్లలో మీరు వచ్చాకే ఉడకబెడతారు. వరస కూడా ఉంటుంది: మన విస్తరిలో పప్పుతో మొదలై పెరుగుతో ముగిసినట్టు, ఇక్కడ తేలికపాటి తెల్ల చేపతో మొదలై గుడ్డు అట్టుతో ముగుస్తుంది.

[తెర మీద: సోయా సాస్ పూస్తున్న బ్రష్]

వెళ్లేవాళ్లకి అసలు ముఖ్యమైన మాట: టైముకి వెళ్లండి. అందరికీ ఒకేసారి మొదలుపెడతారు కాబట్టి మీరు పావుగంట ఆలస్యమైతే పక్కవాళ్ల భోజనం కూడా చెడుతుంది. సెంటు కొట్టుకోవద్దు. సోయా సాస్‌ని షెఫ్ ముందే పూస్తారు, మళ్లీ ముంచక్కర్లేదు. చేత్తో తినొచ్చు, మనకి అది కొత్త కాదుగా. అల్లం ముక్క మధ్యమధ్యలో నోరు శుభ్రం కావడానికి, సుషీ మీద పెట్టుకోవడానికి కాదు. ఫోటో తియ్యాలంటే అడిగి, చకచకా తీసెయ్యండి. యాంగిల్ కోసం తంటాలు పడుతుంటే అన్నం చల్లారిపోతుంది.

రాత్రి పూట మంచి కౌంటర్‌లో మనిషికి 20,000 యెన్‌ల నుంచి 40,000 దాకా, ఒక్కోచోట అంతకు మించి కూడా అవుతుంది. తక్కువలో తక్కువ మన 11,000 రూపాయలన్న మాట. టిప్పు ఇవ్వరు. బుక్ చేసి ఆఖరి నిమిషంలో మానేస్తే చాలాచోట్ల మొత్తం డబ్బు వసూలు చేస్తారు, మీ లెక్కన చేపలు అప్పటికే కొనేసి ఉంటారు మరి. చేతిలో అంత లేకపోతే మధ్యాహ్నం తెరిచే కౌంటర్లు వెతకండి, చాలాచోట్ల ధర బాగా తగ్గుతుంది.

మీకు పడని వస్తువులేమైనా ఉంటే బుకింగ్ రోజే చెప్పండి, కూర్చున్నాక కాదు. పూర్తి శాకాహారులైతే మాత్రం సుషీ కౌంటర్ జోలికి పోకుండా, బౌద్ధ ఆలయాల నుంచి వచ్చిన షోజిన్ భోజనం పెట్టే చోటు చూసుకోండి. అక్కడ చారు కూడా చేపతో కాకుండా సముద్రపు నాచు, పుట్టగొడుగులతో కాస్తారు.