స్పేడెక్స్: ముందున్నదాన్ని అందుకోవాలంటే బ్రేకెయ్యాలి

(స్క్రీన్ మీద: విజయవాడ జంక్షన్. ఇంజను మెల్లగా వెనక్కొచ్చి బోగీలకి ఆనుకుంటున్న షాట్)

ఇస్రో స్పేడెక్స్ ప్రయోగంలో రెండు ఉపగ్రహాలు కక్ష్యలో ఒకదానికొకటి అతుక్కున్న (అదే డాకింగ్) రోజు నుంచీ ఎక్కడ చూసినా ఇదే పోలిక. "విజయవాడలో ఇంజను మార్చి బోగీలకి తగిలిస్తారు కదా, అంతే!" అంతే కాదండీ. ఆ "అంతే" వింటేనే నాకు మండుద్ది. సరే, పోలిక అదే ఉంచుదాం. కాకపోతే చివరిదాకా లాగుదాం.

బోగీలు 5 కిలోమీటర్లు ముందు పోతున్నాయి. వెనక ఇంజనులో మీరున్నారు. ఏం చేస్తారు? స్పీడు పెంచుతారు, అందుకుంటారు. పట్టా ఉన్నచోటే ఉంటుంది కాబట్టి కుదిరింది. కక్ష్యలో పట్టా ఎవడూ పరిచి పెట్టడు, మీ వేగమే పరుస్తుంది. వేగం పెంచారా, పట్టా పైకి లేస్తుంది. చుట్టు పెద్దదవుద్ది, పైన నడక నెమ్మదిస్తుంది. ఒక చుట్టు తిరిగొచ్చేసరికి ఇంకా వెనకబడి ఉంటారు. అదే తగ్గిస్తే? పట్టా కిందికి దిగుతుంది, చుట్టు త్వరగా అయిపోద్ది, ముందుకొస్తారు.

(స్క్రీన్ మీద: రెండు వలయాలు, లోపలిది ఎరుపు)

1965 జూన్‌లో జెమిని 4 వ్యోమగామి జేమ్స్ మెక్‌డివిట్, తమని మోసుకొచ్చిన రాకెట్ రెండో దశ దగ్గరికి పోదామని, నేరుగా దానివైపే పోయేలా థ్రస్టర్లు (నౌకని నెట్టే చిన్న ఇంజన్లు) పేల్చాడు. అది దూరం జరిగింది. మళ్లీ పేల్చాడు, మళ్లీ అంతే. ఇంధనం ఖర్చవుతోందని చివరికి మానేశారు.

ఇప్పుడు లెక్క. స్పేడెక్స్ జంట 475 కిలోమీటర్ల ఎత్తులో, సెకనుకి 7.6 కిలోమీటర్ల వేగంతో తిరిగింది. బెజవాడ నుంచి గుంటూరుకి 5 సెకన్లు పట్టదు! ఒక చుట్టుకి 94 నిమిషాలు. ఆ వేగంలోంచి సెకనుకి 30 సెంటీమీటర్లు, అంతే తగ్గించండి, ఒక్క చుట్టులో 5 కిలోమీటర్లు కలిసొస్తాయి. అందుకున్నాక ఆ 30 సెంటీమీటర్లూ తిరిగి కలపాలి. మర్చిపోతే బోగీల్ని దాటేసి, చుట్టుకో 5 కిలోమీటర్లు పోతూనే ఉంటారు. థ్రస్టర్ సెకనుకి 1 సెంటీమీటరు తేడా కొట్టినా ఒక చుట్టులో 170 మీటర్లు తప్పుతుంది.

పైగా ఒక గ్రౌండ్ స్టేషన్‌కి ఆ ఎత్తులో ఉపగ్రహం కనిపించేది పదకొండు నిమిషాల లోపే. 2025 జనవరి 8న 225 మీటర్ల దగ్గరికి తెస్తున్నప్పుడు, కనుచూపు తప్పిన వేళ డ్రిఫ్ట్ (వాటంతట అవే జరగడం) అనుకున్నదానికంటే ఎక్కువైంది, డాకింగ్ వాయిదా పడింది. దాన్ని ఫెయిల్యూర్ అన్నవాళ్లకి ఈ 170 మీటర్ల లెక్క పంపండి.

అందుకే ఔటర్లు. విజయవాడ ఔటర్‌లో బండి ఆగితే తిట్టుకుంటాం గానీ, ఇక్కడ ఔటర్ లేకపోతే పని జరగదు. 5 కిలోమీటర్లు, ఒకటిన్నర, 500 మీటర్లు, 225, 15, 3. ప్రతి చోటా ఆగడం, సెన్సర్లు సరిచూడటం, అప్పుడే పచ్చ సిగ్నల్. దూరంలో లేజర్ రేంజ్ ఫైండర్, దగ్గరయ్యేకొద్దీ వేరే సెన్సర్లు. జనవరి 12న 3 మీటర్ల దాకా వచ్చి కావాలనే వెనక్కెళ్లింది. అది రిహార్సల్.

ఇక తగిలించడం. బోగీకి బ్రేకుంటుంది, ఇంజను ధడ్‌మని తగిలినా ఎక్కడికీ పోదు. ఇక్కడ రెండూ 220 కిలోలవే, రెండూ తేలుతున్నవే. గట్టిగా తగిలితే కొక్కేలు పట్టేలోపే చెరో దిక్కూ పోతాయి, పక్కకి తగిలితే గిర్రున తిరుగుతాయి. అందుకని సెకనుకి 1 సెంటీమీటరు. ఆ లెక్కన చివరి 3 మీటర్లకే 5 నిమిషాలు! అతికించే రింగు వ్యాసం 450 మిల్లీమీటర్లు, మోటార్లు రెండే. ముందు పట్టు, తర్వాత లోపలికి లాగుడు, ఆపైన బిగింపు.

టైమైపోయింది, గబగబా చెప్పేస్తా. జనవరి 16న అతికాయి, మార్చి 13న విడిపోయాయి, ఏప్రిల్ 20న మళ్లీ అతికాయి. ఆ తర్వాత ఒకదాంట్లోంచి ఇంకోదానికి కరెంటు పంపి హీటర్ వెలిగించారు. ఇక చంద్రుడి మట్టి తేవడానికి ఇస్రో అనుకుంటున్న చంద్రయాన్-4కి రెండు ఎల్‌వీఎం3 రాకెట్లు. భూమి చుట్టూ ఒక డాకింగ్, మట్టి తెచ్చిన భాగానికి చంద్రుడి చుట్టూ ఇంకోటి. స్పేడెక్స్ జంట ఒకదానికొకటి ఎక్కడున్నాయో నావిగేషన్ ఉపగ్రహాల సిగ్నళ్లతో లెక్కేసుకుంది. చంద్రుడి చుట్టూ ఆ ఉపగ్రహాలు లేవు.