ఫోన్-ఇన్: మార్పు చేప పైకొచ్చి గాలి మింగుతుంటే భయపడాలా?

యాంకర్: నమస్కారం. ఈరోజు నాటు మార్పుల గురించి, అంటే మన దేశీ క్యాట్‌ఫిష్ గురించి చెప్పడానికి చేపల శాస్త్రవేత్త మేడమ్ గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ కైకలూరు వైపు నుంచి.

కాలర్: నమస్కారమండీ మేడమ్ గారూ, వినపడుతోందాండి? టీవీ సౌండు తగ్గించేశానండి. మా ఇంటెనకాల సిమెంటు తొట్టిలో ఓ రెండొందల నాటు మార్పులు వేశానండి, మా నాన్నగారున్నప్పుడు వానాకాలం వరిచేల గట్ల మీదే దొరికేవండి, ఇప్పుడు చూద్దామన్నా లేవు, సరే అదలా ఉంచండి, ఇవి మాటిమాటికీ పైకొచ్చి గుటుక్కున గాలి మింగి కిందకెళ్తున్నాయండి, ఆక్సిజన్ అయిపోయింది, నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్ కొనమని మా బావమరిది అంటున్నాడు, కొనమంటారా?

మేడమ్: వద్దు బాబూ. బొచ్చె, శీలావతి అలా పైకొస్తే కంగారు పడాలి, మార్పుకది మామూలే. మొప్పల పైన రెండు పక్కలా చిన్న గది ఉంటుంది, తెరిచి చూస్తే అందులో ఎర్రగా చెట్టుకొమ్మల్లా కనిపిస్తాయి, గాలి పీల్చుకునేది వాటితోనే. మొప్పలొక్కటే దానికి చాలవు. పైకి రానివ్వకపోతే నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. లోతెంత?

కాలర్: ఐదున్నర అడుగులండి, నిండా పోశాను.

మేడమ్: మూడడుగులకి దించండి. గుటక గుటకకీ అంత పైకి ఈదితే తిన్న మేత ఒంటికి పట్టదు.

కాలర్: అలాగేనండి. ఇంకోటండి, మొన్న మా అమ్మాయి వాళ్లింటికి ఓ ఇరవై డ్రమ్ములో పంపానండి, అంచుదాకా నీళ్లు పోసి మూత బిగించి జాగ్రత్తగానే పంపానండి, సగం పైన చచ్చిపోయాయి, మరి ఆక్సిజన్ తగ్గినట్టేగా, ఏరేటర్ కొనమంటారా?

మేడమ్: ఇప్పుడేగా చెప్పాను బాబూ! పైన గాలి లేకే చచ్చాయవి. ఒళ్లు తడిసేంత నీళ్లు పోయండి, పైన ఖాళీ ఉంచండి, మూతకి కన్నాలు పెట్టండి. తడి గోనెలో పెట్టినా గంటల తరబడి బతుకుతుంది. వానరాత్రి రెక్కల ముళ్లు నేలకి ఆనించి ఒళ్లు మెలితిప్పుకుంటూ గట్టు దాటిపోయే చేప అది. అంచుదాకా మాత్రం పోయకండి, పోయకండి.

యాంకర్: థాంక్యూ అండీ. కరీంనగర్ నుంచి కాల్.

కాలర్: నమస్తే మేడం. నేను గూడ నాటు మార్పులని పిల్లలు తెచ్చి ఏసిన, ఆరు నెల్లల్ల కిలోకి వచ్చినయ్, మంచిగనే ఉన్నదా?

మేడమ్: అయ్యో, అది నాటుది కాదయ్యా! నాటు మార్పు నూటయాభై గ్రాములు అవ్వాలంటేనే దాదాపు ఏడాది పడుతుంది. మీదగ్గరున్నది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అయ్యుంటుంది, మన దేశంలో 2000లోనే నిషేధించారు. చెరువులో పడితే మిగతా చేపల్ని తినేస్తుంది. ఒక్కటి కూడా కాలవలోకి పోనివ్వకండి, రేపే మత్స్యశాఖ వాళ్లకి చెప్పండి.

కాలర్: మరి పెట్టిన పైసలు మేడం...

యాంకర్: లైన్ కట్ అయ్యింది. తర్వాతి కాల్.

కాలర్: మేడమ్, మా ఆయనకి ఇంగిలాయి చేప ముల్లు గుచ్చుకుంది, చెయ్యి ఒకటే సలుపు.

మేడమ్: దాని ముల్లుకి విషం ఉంటుందమ్మా. చెయ్యి కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పెట్టించండి, వెంటనే డాక్టరుకి చూపించండి.

యాంకర్: చివరి కాల్.

కాలర్: నాటు మార్పు పిల్లలెందుకు దొరకవండి?

మేడమ్: వానాకాలంలో లోతులేని నీళ్లలో గూడు చేసుకుని గుడ్లు పెడుతుంది, మగచేప కాపలా ఉంటుంది. చేలల్లో మందులు కొట్టాక అలాంటి చోట్లు తగ్గిపోయాయి. చేపపిల్లల్ని పుట్టించే హ్యాచరీలో గుడ్లు ఫలదీకరించాలంటే వీర్యం కోసం మామూలుగా మగచేపని కోయాల్సిందే. పుట్టిన పిల్లలు మొదటి కొన్ని రోజులు గాలి పీల్చలేవు, మొప్పలతోనే బతకాలి, ఏరేటర్ అవసరమయ్యేది అప్పుడు. ఆ కైకలూరు ఆయన వింటున్నారేమో, పిల్లలకే బాబూ, పెద్దవాటికి కాదు.

యాంకర్: టైమైపోయింది, థాంక్యూ మేడమ్.